గుమ్మం లోపలి ముగ్గు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

గత సంచికలో నాడీకణం తన సందేశాన్ని పక్క కణానికి ఎలా అందిస్తుందో రాస్తూ, కాల్షియం లోపలికి రాగానే రసాయనాలు నిండిన సంచులు ప్రోటీన్ల సాయంతో కణత్వచంలో కలిసిపోతాయన్న ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ఆ వాక్యం చాలలేదని వచ్చిన ఉత్తరాలు చెబుతున్నాయి. వాటిలో ఒకే విషయం చుట్టూ తిరిగిన కొన్నింటిని ఎంచుకొని ఈసారి పేజీలన్నీ వాటికే కేటాయించాను.

ప్రశ్న: న్యూరోట్రాన్స్‌మిటర్లు ఉన్న సంచులను కణత్వచంతో కలిపే పని ప్రోటీన్లు చేస్తాయని మీరు రాశారు. మా పాఠ్యపుస్తకంలోనూ అలాగే ఉంది. కానీ సంచి గోడ, కణం గోడ రెండూ ప్రధానంగా లిపిడ్లతోనే కదా తయారయ్యాయి? కలవవలసినవే అవి అయినప్పుడు, ఆ లిపిడ్లు ఏమీ చేయకుండా ఊరికే ఉంటాయా?
– ఇంటర్మీడియట్ బైపీసీ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఊరికే ఉండవు. ప్రోటీన్ల గురించి ఎక్కువగా రాయడానికి కారణం వాటి కథ ముందుగా తేలడమే. సంచుల రవాణా యంత్రాంగాన్ని వెలికితీసినందుకు జేమ్స్ రాత్‌మన్, రాండీ షెక్‌మన్, థామస్ సూడాఫ్‌లకు 2013లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ యంత్రాంగం పనిచేసే నేల మాత్రం కొవ్వు జాతి పదార్థాలైన లిపిడ్లదే, ఆ నేలను క్షణక్షణం మార్చేవి కొన్ని ఎంజైములు. వాటి సంగతి కాస్త నిదానంగా చెప్పుకుందాం.

కణత్వచం మందం సుమారు 5 నానోమీటర్లు. అందులో లిపిడ్లు రెండు పొరలుగా అమరి ఉంటాయి. నీటితో పొసగే తలలు బయటివైపుకు, నీటికి దూరంగా ఉండే తోకలు మధ్యకు తిరిగి ఉంటాయి. రెండు పొరలు చూడడానికి ఒకేలా ఉన్నా వాటిలోని సరుకు ఒకటి కాదు. కణం లోపలికి తిరిగి ఉన్న పొరలో ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్ అనే లిపిడ్ కొద్దిగా ఉంటుంది. దాని తలలో ఆరు కార్బన్ల వలయం ఒకటి ఉంది, అదే ఇనోసిటాల్. కైనేజులు అనే ఎంజైములు, కణంలో శక్తిని మోసే అణువైన ఏటీపీ నుంచి ఫాస్ఫేటును తీసి ఈ వలయానికి తగిలిస్తాయి. ఒక కైనేజు నాలుగో స్థానంలోనూ, మరొకటి ఐదో స్థానంలోనూ ఫాస్ఫేటును పెట్టాక తయారయ్యే లిపిడ్‌ను క్లుప్తంగా పీఐపీ-2 అంటారు. కణత్వచంలోని ఫాస్ఫోలిపిడ్లన్నింటిలో (ఫాస్ఫేటు ఉన్న లిపిడ్లలో) దీని వాటా సుమారు 1 శాతం మాత్రమే.

ఇంత తక్కువగా ఉన్నది ఏం చేయగలదని అనిపించవచ్చు. మన వాకిలి ఎంత పెద్దదైనా ముగ్గుకు పట్టే పిండి గుప్పెడే, అయినా ఇంట్లోకి దారి ఎటో ఆ గుప్పెడు పిండే చెబుతుంది. పీఐపీ-2 అలాంటి ముగ్గు. మనం గుమ్మం బయట వేస్తాం, కణం గుమ్మం లోపలివైపు వేసుకుంటుంది, ఎందుకంటే దాన్ని చదువుకోవలసిన సంచులు లోపలే ఉన్నాయి. ఇంకొక తేడా కూడా ఉంది. మన ముగ్గు మర్నాటి కళ్లాపి దాకా ఉంటుంది. కణంలో మాత్రం వేసే ఎంజైములు, చెరిపే ఎంజైములు పక్కపక్కనే ఉండి ఎప్పుడూ పనిలోనే ఉంటాయి.

ఈ గుర్తును చదివేది విద్యుదావేశం. సాధారణ లిపిడ్ తల మీద రుణావేశం ఉంటే ఒకటి ఉంటుంది, లేదా మొత్తానికి ఉండదు. పీఐపీ-2 తల మీద దాదాపు నాలుగు ఉంటాయి. ధనావేశం ఉన్న ప్రోటీన్ భాగాలు అక్కడ అతుక్కుంటాయి. సంచిని కణత్వచం దగ్గరకు తెచ్చి సిద్ధం చేసే క్యాప్స్ అనే ప్రోటీన్‌కు ఈ లిపిడ్‌ను పట్టుకునే భాగం ఉంది. సంచులను కలిపే ప్రోటీన్లలో ఒకటైన సింటాక్సిన్ కూడా పీఐపీ-2 ఉన్నచోట గుంపుగా చేరుతుంది. కాల్షియం వచ్చిందని గుర్తించే సినాప్టోటాగ్మిన్ అనే ప్రోటీన్ సంగతి మరీ ఆసక్తికరం. పీఐపీ-2 లేని త్వచం మీద దానికి ఎక్కువ కాల్షియం కావాలి, పీఐపీ-2 ఉంటే అంతకంటే చాలా తక్కువ కాల్షియంకే అది స్పందిస్తుంది. నాడీకణంలో కాల్షియం వచ్చిన తరువాత సంచి తెరుచుకోవడానికి మిల్లీసెకను కూడా పట్టదు. అంత వేగం సాధ్యమయ్యేది, అవసరమైన సన్నాహమంతా ముందే పూర్తయి ఉండడం వల్ల. ఆ సన్నాహంలో ముఖ్యభాగం లిపిడ్‌కు ఫాస్ఫేటు తగిలించడం.

ఇక ఆకారం విషయానికి వద్దాం. నాడీకణంలోని సంచి వ్యాసం సుమారు 40 నానోమీటర్లు. అది కణత్వచంతో కలవాలంటే రెండు త్వచాలూ ఒకచోట గట్టిగా వంగాలి. గోడ కట్టే ఇటుకలతో గుండ్రటి బావికి ఒర కట్టలేం, ఒకవైపు సన్నగా ఉండే ఇటుకలు కావాలి. కణానికి అలాంటి ఇటుకను ఫాస్ఫోలైపేజ్ డి అనే ఎంజైము తయారుచేసి ఇస్తుంది. త్వచంలో సమృద్ధిగా ఉండే ఫాస్ఫాటిడైల్ కోలీన్ తల నుంచి అది కోలీన్‌ను కత్తిరిస్తుంది. మిగిలిన ఫాస్ఫాటిడిక్ ఆమ్లానికి తల చిన్నది, తోకలు వెడల్పు, అందువల్ల అది ఉన్నచోట త్వచం వంగడం తేలికవుతుంది. అడ్రినలిన్‌ను స్రవించే అడ్రినల్ కణాలలో ఈ ఎంజైము పనిచేయని రూపాన్ని చొప్పించినప్పుడు స్రావం తగ్గిందని ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు 2001లో చూపారు. పైగా ఫాస్ఫాటిడిక్ ఆమ్లం, ఐదో స్థానంలో ఫాస్ఫేటు పెట్టే కైనేజును ఉత్తేజపరుస్తుంది. అంటే ఒర ఇటుకలు తయారయ్యే కొద్దీ ముగ్గు కూడా చిక్కబడుతుంది.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఫాస్ఫోలైపేజ్ డి సాధారణంగా కోత పనికి నీటిని వాడుకుంటుంది, కానీ దగ్గరలో ఆల్కహాల్ ఉంటే నీటికంటే దానినే ఇష్టపడుతుంది. అప్పుడు ఫాస్ఫాటిడిక్ ఆమ్లానికి బదులు ఫాస్ఫాటిడైల్ ఇథనాల్ తయారవుతుంది. రక్తంలో వారాల తరబడి నిలిచే ఈ పదార్థాన్ని కొలిచి, ఒక వ్యక్తి ఇటీవల మద్యం తాగాడో లేదో వైద్యులు తెలుసుకుంటారు. ఈ గుణాన్నే ఆసరా చేసుకొని పరిశోధకులు చాలాకాలం బ్యూటనాల్ అనే మరో ఆల్కహాల్‌ను కలిపి ఫాస్ఫోలైపేజ్ డి పాత్రను పరీక్షించారు. నేరుగా ఆ ఎంజైమును అడ్డుకునే మందులు వచ్చాక చూస్తే, బ్యూటనాల్ వల్ల కనిపించిన మార్పులన్నీ ఈ ఎంజైముకు చెందినవి కావని తేలింది. అందువల్ల ఆ పాత ప్రయోగాల మీద మాత్రమే ఆధారపడిన మాటలను నేను ఇక్కడ చెప్పడం లేదు.

వేయడం ఎంత అవసరమో చెరపడం అంతే అవసరం. సరుకు బయటపడ్డాక సంచి గోడ కణత్వచంలో కలిసిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ లోపలికి గిల్లి తీసుకోకపోతే కణం ఉబ్బిపోతుంది, కొత్త సంచులకు గోడ దొరకదు. గిల్లే ప్రోటీన్లు కూడా పీఐపీ-2నే పట్టుకొని పని మొదలుపెడతాయి. తెగి లోపలికి వచ్చిన సంచి మీద క్లాత్రిన్ అనే ప్రోటీన్ అల్లిక ఒక తొడుగులా ఉంటుంది. ఆ తొడుగు ఊడాలంటే కింద ఉన్న పీఐపీ-2 చెరిగిపోవాలి. ఆ పని సినాప్టోజానిన్ అనే ఫాస్ఫటేజు, అంటే ఫాస్ఫేటును తీసేసే ఎంజైము చేస్తుంది. ఈ ఎంజైము జన్యువును తొలగించిన ఎలుకలు పుట్టిన కొద్దికాలానికే చనిపోయాయని, వాటి నాడీ అంచులలో తొడుగు ఊడని సంచులు పేరుకుపోయాయని పియెట్రో డి కమిల్లి బృందం 1999లో ప్రకటించింది. అదే బృందం 2004లో ముగ్గు వేసే కైనేజు లేని ఎలుకలను పరిశీలించింది. వాటిలో పీఐపీ-2 తగ్గింది, విడుదలకు సిద్ధంగా ఉన్న సంచుల సంఖ్య తగ్గింది, సంచులను వెనక్కి తీసుకోవడం కూడా ఆలస్యమైంది. ఒకే గుర్తు పంపడానికీ, తిరిగి తెచ్చుకోవడానికీ అవసరమైందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ప్రశ్న: నూటికి ఒక వంతు ఉన్న లిపిడ్‌కు ఒక ఫాస్ఫేటు తగిలిందా లేదా అన్నది స్రావానికి కారణమని ఎలా తేల్చారు? రెండూ ఒకేసారి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు గదా.
– విశ్రాంత రసాయనశాస్త్ర అధ్యాపకులు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అభ్యంతరం న్యాయమైనది, పరిశోధకులు కూడా దాదాపు నలభై ఏళ్లు ఈ చిక్కులోనే ఉన్నారు.

1953లో మాంట్రియాల్‌లో లోవెల్ హోకిన్, మేబెల్ హోకిన్ దంపతులు పావురం క్లోమ గ్రంథిని పలచని ముక్కలుగా కోసి, రేడియోధార్మిక భాస్వరం ఉన్న ద్రవంలో ఉంచారు. నరాలు సందేశానికి వాడే ఎసిటైల్ కోలీన్ అనే రసాయనాన్ని కలపగానే ముక్కలు జీర్ణ ఎంజైములను స్రవించడం మొదలుపెట్టాయి, అదే సమయంలో ఫాస్ఫోలిపిడ్లలోకి భాస్వరం ఎక్కువగా చేరింది. స్రావానికీ లిపిడ్లకూ సంబంధం ఉందన్న అనుమానం అక్కడ మొదలైంది. భాస్వరం చేరుతున్నది ముఖ్యంగా ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్‌లోకి, ఫాస్ఫాటిడిక్ ఆమ్లంలోకి అని ఆ దంపతులే తరువాత గుర్తించారు.

కానీ మీరు చెప్పిన చిక్కే ఎదురైంది. కాల్షియం తీసేస్తే స్రావం ఆగిపోతుంది, లిపిడ్లలో మార్పు మాత్రం ఆగదు. అంటే స్రావం వల్ల లిపిడ్ మార్పు రావడం లేదు. మరి దేనివల్ల? జవాబు వచ్చేసరికి 1983 అయింది. కణం మీది గ్రాహకానికి ఎసిటైల్ కోలీన్ తగలగానే ఫాస్ఫోలైపేజ్ సి అనే ఎంజైము పీఐపీ-2ను రెండు ముక్కలు చేస్తుంది. నీటిలో కరిగే ఐపీ-3 అనే ముక్క కణం లోపలి నిల్వల నుంచి కాల్షియంను విడుదల చేయిస్తుంది. త్వచంలోనే మిగిలిపోయే డైఎసైల్ గ్లిజరాల్ అనే ముక్క మరికొన్ని ప్రోటీన్లను మేల్కొలుపుతుంది, వాటిలో సంచులను విడుదలకు సిద్ధం చేసే మంక్-13 కూడా ఉంది. ఈ ఆవిష్కరణ ఎంత గొప్పదంటే, ఆ తరువాత కొంతకాలం పీఐపీ-2 అంటే ముక్కలు కావడం కోసమే దాచిన ముడిసరుకని అందరూ అనుకున్నారు. అది చెక్కుచెదరకుండా ఉండి కూడా పనిచేస్తుందన్న ఆలోచన వెనకబడింది.

దాన్ని మళ్లీ ముందుకు తెచ్చినవి చిల్లులు పెట్టిన కణాలు. 1978లో పీటర్ బేకర్, డెరెక్ నైట్ ఆవు అడ్రినల్ కణాలకు విద్యుత్ ఘాతం ఇచ్చి త్వచంలో చిన్న రంధ్రాలు చేశారు. దానితో కణం లోపల కాల్షియం ఎంత ఉండాలో, ఏటీపీ ఎంత ఉండాలో ప్రయోగం చేసేవారే నిర్ణయించగలిగారు. కాల్షియంతో పాటు ఏటీపీ కూడా లేకపోతే స్రావం సరిగ్గా జరగలేదు. మిషిగన్‌లో రోనాల్డ్ హోల్జ్ బృందం, విస్కాన్సిన్‌లో థామస్ మార్టిన్ బృందం దీన్ని రెండు మెట్లుగా విడదీశాయి. ముందు ఏటీపీతో సిద్ధమయ్యే మెట్టు, తరువాత కాల్షియంతో విడుదలయ్యే మెట్టు. రెండో మెట్టుకు ఏటీపీ అక్కర్లేదు. అయితే మొదటి మెట్టులో ఆ ఏటీపీ దేనికి ఖర్చవుతున్నది?

మీరు అడిగిన కార్యకారణ పరీక్ష ఇక్కడే జరిగింది. 1990లో హోల్జ్ బృందం ఒక బ్యాక్టీరియా నుంచి తీసిన, ఇనోసిటాల్ లిపిడ్లను మాత్రమే కోసే ఎంజైమును చిల్లుల కణాలలోకి పంపింది. స్రావం తగ్గింది. మార్టిన్ బృందం కణంలో కరిగి ఉన్న ప్రోటీన్లను కడిగి తీసేసి, ఏది తిరిగి కలిపితే స్రావం తిరిగి వస్తుందో ఒక్కొక్కటిగా వెతికింది. 1993లో దొరికింది ఫాస్ఫాటిడైల్ ఇనోసిటాల్‌ను ఒక త్వచం నుంచి మరొక త్వచానికి మోసే ప్రోటీన్. 1995లో దొరికింది ఐదో స్థానంలో ఫాస్ఫేటు పెట్టే కైనేజు. స్రావం అనే కోణం నుంచి గుడ్డిగా వెతికితే చేతికి తగిలినవి రెండూ పీఐపీ-2 తయారీకి చెందినవే కావడం యాదృచ్ఛికం కాదు. తీసేస్తే ఆగింది, తిరిగి ఇస్తే వచ్చింది. రసాయనశాస్త్రం బోధించినవారికి ఇంతకంటే చెప్పనక్కర్లేదనుకుంటాను.

మీ ఊరికి దూరం కాని భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును ఇక్కడ తలచుకోకుండా ఉండలేను. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన 1925లో ప్రకటించిన పద్ధతి, భాస్వరాన్ని నీలిరంగు చిక్కదనాన్ని బట్టి కొలుస్తుంది. ఫాస్ఫోలిపిడ్లలోని భాస్వరాన్ని లెక్కకట్టడానికి దశాబ్దాల పాటు ప్రయోగశాలలు ఆ పద్ధతిని, దాని సవరణలను వాడాయి. 1929లో ఏటీపీని కనుగొన్నవారిలో కూడా ఆయన ఒకరు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దాన్ని కనుగొన్నారు. ఈ జవాబంతా ఏటీపీ నుంచి లిపిడ్‌కు మారే ఒక ఫాస్ఫేటు గురించి, కాబట్టి కథకు రెండు చివరలా ఆయన చేయి ఉన్నట్టే.

ప్రశ్న: మా ఊళ్లో ఇద్దరికి పాము కరిచింది. నాగుపాము కాటు పడిన పెద్దాయన ఇంజెక్షన్లు ఇచ్చాక రెండో రోజుకే లేచి కూర్చున్నాడు. రాత్రి నిద్రలో కట్లపాము కరిచిన కుర్రాడికి అవే ఇంజెక్షన్లు ఇచ్చినా వారం దాకా వెంటిలేటర్ మీదే ఉంచారు. మందు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు? ఆసుపత్రివాళ్లు సరిగ్గా చూడలేదా?
– రైతు, నల్గొండ జిల్లా

జవాబు: ఆసుపత్రిని తప్పుపట్టవలసిన పని లేదు. తేడా విషం పనిచేసే చోటులో ఉంది, ఈ ప్రశ్న పై రెండు ప్రశ్నలకు నేరుగా సంబంధించినదే.

నరం చివర నుంచి ఎసిటైల్ కోలీన్ విడుదలై కండరానికి తగిలితే కండరం కదులుతుంది. నాగుపాము విషంలోని ముఖ్యమైన నాడీవిషాలు కండరం వైపు కూర్చొని, ఎసిటైల్ కోలీన్ తగలవలసిన చోటును మూసేస్తాయి. తాళం రంధ్రంలో పుల్ల ఇరికినట్టు అన్నమాట. ఆ విషాన్ని విరుగుడు మందు పట్టుకుపోతే పుల్ల బయటికి వస్తుంది, తలుపు మళ్లీ తెరుచుకుంటుంది. నియోస్టిగ్మిన్ అనే ఇంజెక్షన్ కూడా ఇక్కడ సాయపడుతుంది.

కట్లపాము విషంలో ఇలాంటివి ఉన్నా, అసలు ప్రమాదం బీటా బంగారోటాక్సిన్ల నుంచి వస్తుంది. తైవాన్ పరిశోధకులు 1963లో ఆ ప్రాంతపు చారల కట్లపాము విషం నుంచి దీన్ని వేరుచేశారు, మన కట్లపాములోనూ ఇదే కుటుంబానికి చెందిన విషాలు ఉన్నాయి. వీటిలో రెండు భాగాలుంటాయి. ఒకటి నరం చివరను పట్టుకొని వేలాడుతుంది. రెండోది ఫాస్ఫోలైపేజ్ ఎ-2, అంటే లిపిడ్ల తోకల్లో ఒకదాన్ని తెంపే ఎంజైము. తెగిన లిపిడ్‌కు తల పెద్దది, తోక ఒక్కటే, అది త్వచం బయటి పొరలోనే ఉండిపోతుంది. ఊడిన తోక లోపలి పొరకు జారుతుంది. ఒర ఇటుకల పోలిక గుర్తు చేసుకోండి. ఇప్పుడు రెండు పొరల్లోనూ ఇటుకలు మారిపోయాయి, సంచులు త్వచంలో కలవడం మరీ తేలికైంది, మళ్లీ గిల్లి వెనక్కి తీసుకోవడం అసాధ్యమైంది. ఉన్న సంచులన్నీ ఖాళీ అయిపోతాయి, కొత్తవి తయారు కావు. ఇటలీలోని పాడువా పరిశోధకులు 2005లో విషం లేకుండా, ఆ కోతలో పుట్టే రెండు పదార్థాలను మాత్రమే నరాల మీద వేసి చూశారు. విషం చేసిన పనినే అవీ చేశాయి.

చివరికి నరం కొస దెబ్బతిని శిథిలమవుతుంది. రక్తంలో తిరుగుతున్న విషాన్ని విరుగుడు మందు పట్టుకోగలదు, కానీ జరిగిపోయిన కోతను అతికించలేదు. నరం తన కొసను తానే తిరిగి పెంచుకోవాలి, దానికి రోజులు, కొందరికి వారాలు పడుతుంది. అంతవరకు రోగి తనంతట ఊపిరి తీసుకోలేడు గనుక యంత్రం పెట్టాలి. ఆ కుర్రాడికి వారం రోజులు ఊపిరి అందించినవారు అతని ప్రాణం కాపాడారు. మన దేశంలో వాడే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, రంపపు పొలుసుల పింజర అనే నాలుగింటికీ కలిపి తయారుచేసినది. అందుకే ఇద్దరికీ ఒకే మందు ఇచ్చారు.

ఒక మాట అందరికీ పనికివస్తుంది. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేలమీద పడుకున్నవారిని కరుస్తుంది. కాటు గాటు కనిపించకపోవచ్చు, నొప్పి, వాపు కూడా ఉండకపోవచ్చు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతూ, మింగడం కష్టమైతే అది తిండి వల్ల అనుకొని ఆలస్యం చేయకూడదు, మంత్రగాడి దగ్గర ఆగకూడదు. విరుగుడు మందు ఎంత ముందు పడితే నరాలకు జరిగే కోత అంత తక్కువ. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకొని పడుకోవడం చవకైన రక్షణ.

ప్రశ్న: మా అమ్మగారికి షుగరు వ్యాధి ఉంది. ఇన్సులిన్ కూడా ఇలాగే సంచులలో నుంచే వస్తుందా? అయితే ఆ సంచులు తెరుచుకోకపోవడమేనా షుగరు వ్యాధి?
– గృహిణి, విశాఖపట్నం

జవాబు: మొదటి ప్రశ్నకు అవును, రెండోదానికి కొంతవరకు మాత్రమే.

క్లోమంలోని ఒక్కొక్క బీటా కణంలో ఇన్సులిన్ నిండిన సంచులు దాదాపు 10 వేలు ఉంటాయి. వాటిలో కణత్వచం దగ్గర పూర్తిగా సిద్ధమై ఉండేవి చాలా కొద్ది. రక్తంలో గ్లూకోజ్ పెరిగితే కణంలో ఏటీపీ పెరుగుతుంది, దానితో పొటాషియం ద్వారాలు మూసుకుంటాయి, కాల్షియం ద్వారాలు తెరుచుకుంటాయి. సిద్ధంగా ఉన్న సంచులు ముందు ఖాళీ అవుతాయి. అది మొదటి 5 నుంచి 10 నిమిషాల్లో వచ్చే ఇన్సులిన్ పొంగు. తరువాత వెనకవి ఒక్కొక్కటిగా ముందుకొచ్చి, సిద్ధమై, నిదానంగా చాలాసేపు విడుదలవుతాయి. పైన చెప్పిన ఫాస్ఫేటు పని ఈ సిద్ధం చేసే దశకు చెందినది. ఏటీపీకి ఇక్కడ రెండు పనులున్నాయన్నది గమనించదగ్గది: ద్వారాలు మూయడం ఒకటి, లిపిడ్‌కు ఫాస్ఫేటు ఇవ్వడం మరొకటి.

భోజనం చేసేటప్పుడు మెదడు నుంచి వేగస్ నరం ద్వారా కూడా బీటా కణాలకు కబురు వస్తుంది. అది ఫాస్ఫోలైపేజ్ సిని పనిలో పెట్టి, గ్లూకోజ్ వల్ల జరిగే విడుదలను ఇంకాస్త పెంచుతుంది. పప్పు తాలింపు వాసనకు నోరూరినట్టే క్లోమానికీ కొద్దిగా ముందస్తు హెచ్చరిక అందుతుందన్నమాట.

రెండో రకం షుగరు వ్యాధిలో ఈ మొదటి పొంగు ముందుగానే తగ్గిపోవడం కనిపిస్తుంది. కానీ వ్యాధి అంతా అదే కాదు. ఇన్సులిన్ వచ్చినా కండరాలు, కాలేయం దానికి సరిగ్గా స్పందించకపోవడం, కాలక్రమంలో బీటా కణాలే తగ్గిపోవడం కూడా ఉంటాయి. సల్ఫోనైల్ యూరియా రకం మాత్రలు ఆ పొటాషియం ద్వారాలను మూయడం ద్వారా పనిచేస్తాయి. లిపిడ్ ఎంజైముల మీద పనిచేసే షుగరు మందు ప్రస్తుతానికి వైద్యుల చీటీలో లేదు.

ప్రశ్న: ఇలాంటి ఎంజైము మనుషులలో పుట్టుకతోనే చెడిపోయి ఉంటే ఏమవుతుంది?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: ఏ ఎంజైము, ఎంత చెడింది అన్నదాని మీద ఆధారపడుతుంది. సినాప్టోజానిన్ జన్యువు పూర్తిగా లేకపోతే ఎలుకలు బతకలేదని చెప్పాను. అదే జన్యువులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారడం వల్ల చిన్న వయసులోనే పార్కిన్సన్ లక్షణాలు వచ్చిన కుటుంబాలను 2013లో ఇరాన్, ఇటలీలలో పరిశోధకులు గుర్తించారు. తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన రెండు ప్రతులూ చెడితేనే వచ్చే జబ్బు ఇది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు జరిగే కుటుంబాలలో అలా రెండూ ఒకేచోట కలిసే అవకాశం ఎక్కువ. మేనరికాలు ఇంకా ఉన్న మన ప్రాంతంలో ఈ మాట చెప్పుకోవడం అవసరమే, అయితే పార్కిన్సన్ వ్యాధి ఉన్నవారిలో అత్యధికులకు కారణం ఇది కాదు.

లోవ్ సిండ్రోమ్ మరొకటి. దీనిలో చెడేది కూడా పీఐపీ-2 ఐదో స్థానపు ఫాస్ఫేటును తీసేసే ఎంజైమే. మగపిల్లలలో పుట్టుకతో కంటిశుక్లాలు, మూత్రపిండాల లోపం, మానసిక ఎదుగుదలలో ఆలస్యం కనిపిస్తాయి. ఒకే రసాయన చర్య చేసే రెండు ఎంజైములలో ఒకటి చెడితే చేతులు వణుకుతాయి, ఇంకొకటి చెడితే కళ్లు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. ప్రతి ఎంజైముకూ శరీరంలో తన వాకిలి తనది.

ప్రశ్న: అయితే చేపనూనె, లెసిథిన్ మాత్రలు వేసుకుంటే ఈ లిపిడ్లు పెరిగి జ్ఞాపకశక్తి మెరుగవుతుందా? ప్రకటనలలో అలాగే చెబుతున్నారు.
– చిరు వ్యాపారి, తెనాలి

జవాబు: ఇక్కడ చెప్పిన విషయాల నుంచి అలాంటి ముగింపుకు దారి లేదు. ఇనోసిటాల్‌ను శరీరం గ్లూకోజ్ నుంచే తయారుచేసుకుంటుంది. పీఐపీ-2 ఎంత ఉండాలన్నది తిన్న నూనె కాదు, కైనేజులు, ఫాస్ఫటేజులు నిర్ణయిస్తాయి. పిండి బస్తా కొని పెట్టినంత మాత్రాన వాకిట్లో ముగ్గు పడదు. చేప తినడానికి వేరే మంచి కారణాలున్నాయి, కూర రుచి వాటిలో ఒకటి.

ప్రశ్న: మా తమ్ముడు బైపోలార్ సమస్యకు లిథియం మాత్రలు వాడుతున్నాడు. అది కూడా ఈ ఇనోసిటాల్‌కు సంబంధించిన మందేనని ఎక్కడో చదివాను. అతను ఇప్పుడు బాగున్నాడు, మాత్రలు ఆపవచ్చా?
– పేరు రాయవద్దన్న పాఠకురాలు, గుంటూరు

జవాబు: ఆపకూడదు. ముందు ఆ మాట చెప్పి తరువాత మిగతాది రాస్తాను. లిథియంను హఠాత్తుగా మానేస్తే జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ, బాగున్నప్పుడు కూడా తగ్గించాలా లేదా అన్నది చూస్తున్న మానసిక వైద్యులే నిర్ణయించాలి.

మీరు చదివినది నిజమే. ఉన్మాద స్థితిలో లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ 1949లో ప్రకటించారు. ముక్కలైన పీఐపీ-2 నుంచి ఇనోసిటాల్‌ను తిరిగి రాబట్టే దారిలో చివరన ఉన్న ఫాస్ఫటేజును లిథియం అడ్డుకుంటుందని తరువాత తేలింది. దీని ఆధారంగా మైకేల్ బెర్రిడ్జ్ ఒక ఊహను ముందుకు తెచ్చారు. అతిగా పనిచేస్తున్న నాడీకణాలకు ఇనోసిటాల్ ఎక్కువగా ఖర్చవుతుంది, తిరిగి రాక లిథియం వల్ల తగ్గుతుంది, అందువల్ల అతి చేసే కణాలే ముందుగా నెమ్మదిస్తాయి. వినడానికి ఎంతో సొగసైన వివరణ, నాకు ఇష్టమైనది కూడా. కానీ లిథియం ఇతర ఎంజైములను సైతం అడ్డుకుంటుంది గనుక మందు గుణమంతా దీనివల్లే అని తేలలేదు.

మీ తమ్ముడి విషయంలో ఈ వాదనకంటే ముఖ్యమైనది గుంటూరు ఎండ. లిథియంకు చాలిన మోతాదుకూ, విషమయ్యే మోతాదుకూ మధ్య దూరం తక్కువ. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. వేసవిలో చెమటలు ఎక్కువగా పోసినా, వాంతులు, విరేచనాలు అయినా, ఒంటినొప్పులకు ఐబుప్రొఫెన్ వంటి మాత్ర వేసుకున్నా ప్రమాదమే. నీళ్లు తగినన్ని తాగాలి, ఉప్పు ఒక్కసారిగా మానకూడదు, రక్తపరీక్షను వైద్యులు చెప్పిన గడువులో చేయించాలి. చేతుల వణుకు ముతకగా మారడం, మాట తడబడడం, నడకలో తూలడం కనిపిస్తే తరువాతి మోతాదు వేయకుండా అదేరోజు ఆసుపత్రికి తీసుకువెళ్లండి.